మూసిన గది, విడిచిన లోగిలి: తెలుగు చలనచిత్రములలో పాడుబడిన ఇండ్లు

చలనచిత్రమును సాహిత్యశాఖల పరిశోధనకు తగిన వస్తువుగా గ్రహించుట మనలో ఇంకను కొందఱకు సమ్మతము కాదు. అందును దయ్యముల చిత్రములన్నచో చిఱునవ్వే సమాధానమగుచున్నది. ఐనను ఒక జాతి తన ఇంటిని గుఱించి ఏమి తలచుచున్నదో, దేనికి వెఱచుచున్నదో తెలిసికొనుటకు ఆ చిత్రములు మంచి సాక్ష్యములు. కావున ఈ వ్యాసమున తెలుగు తెఱపై కనబడు పాడుబడిన ఇండ్లను, వానిలో తిరుగాడు ఛాయలను పరిశీలింపదలచితిని. ఈ పరిశీలనకు కోనసీమలోని కొత్తపేటను ఆరంభస్థానముగా గ్రహించుటకు రెండు కారణములు కలవు. ఈ విషయమున మన చిత్రములలో మిక్కిలి ముఖ్యమైనదని నేను భావించు ‘సితార’ను (1984) నిర్మించిన ఏడిద నాగేశ్వరరావు 1934లో కొత్తపేటలో జన్మించిరి. అంతకంటె ముఖ్యమైన కారణము, తాళము వేసిన పాత లోగిళ్లు ఆ చుట్టుపట్ల గ్రామములలో నేడు కన్నుల యెదుట నున్నవి. తెఱమీది ఇంటిని, ఊరిలోని ఇంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని మన చిత్రములు దేనిని చూపినవో, దేనిని చూపలేదో తేలదు.

ముందుగా మాటను పరిశీలింతము. తెలుగున ‘పాడు’ అనునది నశించిన, శూన్యమైన, విడువబడిన స్థితిని తెలుపును. ‘పాడుబడిన గుడి’, ‘పాడునుయ్యి’, ‘పాడుకొంప’ అను పలుకుబళ్లలో ఎక్కడను దయ్యముల ప్రసక్తి లేదు. మనుష్యసంచారము లేకపోవుటయే ఆ మాటలోని దోషము. ‘నీ యిల్లు పాడుగాను’ అనునది మన ఇండ్లలో తఱుచు వినబడు తిట్టు. దానిని నోట పలుకుటకు జంకి, తలక్రిందులు చేసి ‘నీ యిల్లు బంగారముగాను’ అని విసుగుకొనుట గోదావరి ప్రాంతమున నేటికిని వాడుక. అశుభమును శుభవాక్యముతో కప్పు ఈ నేర్పు భాషాశాస్త్ర విద్యార్థులకు క్రొత్త కాదు. ఇక్కడ గమనింపవలసినది మఱొకటి. తిట్టువాడు ‘నీ యింట దయ్యము దూఱుగాక’ అనడు; ఇల్లు పాడగుగాక అనును. అట్లే వారసులు లేని కుటుంబమును గుఱించి ‘ఆ యింట దీపము పెట్టు దిక్కు లేదు’ అందురు. ఇల్లు ఖాళీయగుటయే కడపటి కీడు. దానిపై దయ్యము కూడ చేరవలసిన అవసరము తెలుగువానికి తోచలేదు.

జానపద విశ్వాసములును దీనికి అనుగుణముగనే యున్నవి. చింతచెట్టు, మఱ్ఱిచెట్టు, తాడితోపు, శ్మశానము, వాడుకలో లేని నుయ్యి, ఇవి దయ్యముల నివాసములు. రాత్రివేళ పొలములపై కదలు వెలుగు కొఱివిదయ్యము. బేతాళుడు వ్రేలాడినది చెట్టుకొమ్మకు గాని ఇంటి దూలమునకు గాదు. దయ్యము ఊరి వెలుపలిది. దాని గాలి మనుష్యునకు సోకును, ఆ మనుష్యుని వెంట అది ఇంటికి వచ్చును. భూతవైద్యుడు సాధారణముగ వదలగొట్టునది మనిషికి పట్టిన దయ్యమునే.

ఇంటిని మూసివేయుటకు మన ఆచారమున వేఱొక కారణము కలదు. ధనిష్ఠ మొదలు రేవతి వఱకు గల ఐదు నక్షత్రములలో మరణము సంభవించినచో దానిని ధనిష్ఠాపంచక దోషమందురు. అప్పుడు ఇంటిని గాని, మరణము జరిగిన గదిని గాని కొన్ని నెలలు మూసియుంచవలయునని పెద్దలు చెప్పుదురు. నక్షత్రమును బట్టి నెలల లెక్క మాఱును. మఱికొన్ని నక్షత్రములకు కూడ ఈ నియమమును వర్తింపజేయువారు కలరు. కుటుంబము మఱొక యింట తలదాచుకొని, గడువు తీఱిన పిమ్మట శాంతి జరిపించి, మరల వచ్చి దీపము పెట్టును. దీనిని విశ్వసింపవలయునా, వలదా అనునది మన ప్రశ్న కాదు. ఆచారమునందలి తర్కము మాత్రము స్పష్టము. ఇంటిని విడుచుటకు ఒక కారణమున్నది, ఒక గడువున్నది, మరలివచ్చు దినమున్నది. భయమునకు ఇంతటి చక్కని లెక్కను కూర్చిన ఈ ఆచారమును, ఈ వ్యాసమున పేర్కొనబోవు చిత్రములలో ఏదియు కథావస్తువుగా గ్రహింపలేదు. మన తెఱపైకి దయ్యపుటిల్లు వేఱొక దారిన వచ్చినది.

ఆ దారి పడమటి దేశములనుండి వచ్చినది. హోరేస్ వాల్‌పోల్ 1764లో ప్రకటించిన ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ అను నవలలోనే పాతకోట, అన్యాయముగ సంక్రమించిన ఆస్తి, పూర్వుల పాపము ఒకచోట చేరినవి. ఎడ్గార్ ఆలన్ పో 1839లో వ్రాసిన అషర్ వంశపు కథలో అన్న తన చెల్లెలిని ప్రాణముండగనే సమాధి చేయును. ఆమె లేచి వచ్చును. వంశముతోపాటు ఇల్లును కూలును. 1927లో పాల్ లేనీ తీసిన ‘ది క్యాట్ అండ్ ది కానరీ’ అను మూగచిత్రము ఒక పాత భవనమున అర్ధరాత్రి వీలునామా చదువుటతో నారంభమగును. ఇట్లు పడమటి దయ్యపుటింటి వెనుక తొలినుండియు ఉన్నవి రెండే: ఆస్తి, చెఱ. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయునని ప్రార్థన. ఈ రెండింటిలో ఒక్కొక్కప్పుడు ఒక్కొక్కటి ముందుకు వచ్చును.

ఆ కథలతోపాటు ఒక గృహరూపము కూడ దిగుమతియైనది. రెండంతస్తుల బంగళా, మెలికలు తిరిగిన మెట్లు, పొడవైన నడవ, దానికిరువైపుల మూసిన తలుపులు, గోడపై పూర్వుల తైలవర్ణ చిత్రము, నడుమ వ్రేలాడు దీపగుచ్ఛము, ఇవి లేనిదే చిత్రకారులకు భయము పుట్టించుట కష్టము. మెట్లమీద ఎవరో నిలిచి యుండవలయును. నడవ చివర తలుపు తనంతట తాను తెఱచుకొనవలయును. కోనసీమ మండువా లోగిలియందు ఈ సౌకర్యములు లేవు. అది సాధారణముగ ఒక్క అంతస్తు పెంకుటిల్లు. నాలుగు వైపుల వాలుకప్పు లోపలికి దిగి నడుమ మండువాను విడిచిపెట్టును. వాన అందు కురిసి తూముగుండ వెడలిపోవును. వెలుగు అందుండియే ఇంటినిండ వ్యాపించును. వీథి అరుగు, వసారా, చావడి, పడమటిల్లు, వంటిల్లు అన్నియు ఆ నడిమి వెలుగు చుట్టును ముడివడి యున్నవి. ఒక గదిలో మాటాడిన మాట వేఱొక గదిలో వినబడును. ఇట్టి ఇంట రహస్యమునకు చోటు తక్కువ. కావుననే మన దర్శకులు కుటుంబకథలకు లోగిలిని, దయ్యపు కథలకు బంగళాను ఎన్నుకొనుచు వచ్చిరి. ఇది ఎవరును కూర్చుండి చేసిన నిర్ణయము కాదు. ఇంటి నిర్మాణమే చేసిన నిర్ణయము.

భారతీయ చిత్రములలో ఈ వస్తువునకు దృఢమైన రూపమునిచ్చినది కమాల్ అమ్రోహీ దర్శకత్వమున వెలువడిన హిందీ చిత్రము ‘మహల్’ (1949). నది యొడ్డున పాడుబడిన భవనము, అందు వినబడు పాట, కథానాయకుని పోలిన పాతచిత్రము అందు కలవు. ప్రేతమని తోచిన యువతి తుదకు తోటమాలి కూతురని తెలియును. భవనమునకు యజమానురాలు కావలయునన్నచో ఆ పిల్లకు దయ్యమగుట తప్ప వేఱు దారి లేకపోయెను! ‘మధుమతి’ (1958) యందు తుపాను రాత్రి శిథిలభవనమున పూర్వజన్మస్మృతి మేల్కొనును. రవీంద్రనాథుని ‘క్షుధిత పాషాణ్’ కథ 1895 నాటిది. తపన్ సిన్హా 1960లో దానిని చిత్రముగ తీసిరి. అందలి శూన్యప్రాసాదమును పట్టియున్నది అంతఃపురమున బందీయై నశించిన దాసి. రాళ్లకే ఆకలి యన్న ఆ పేరునందు దయ్యమును గుఱించిన సిద్ధాంతమంతయు ఇమిడి యున్నది.

తెలుగున ఈ కాలమున జరిగినది వేఱు. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ (1964) పూర్వజన్మ కథయే. ఐనను అందు నవదంపతులకు గతజన్మస్మృతి కలుగుటకు పాడుబడిన మహలు అక్కఱకు రాలేదు; గోదావరిపై పడవ ప్రయాణము చాలినది. హిందీవారి జ్ఞాపకము గోడలలో నున్నచో మన జ్ఞాపకము ప్రవాహములో నున్నదనుట అతిశయోక్తి కాదు. గోదావరి తీరవాసికి మనుష్యులను మ్రింగునది, మరల ఒడ్డునకు చేర్చునది నది. ఇల్లు కాదు. రెండేండ్ల తరువాత హిందీ చిత్రము ననుసరించి వచ్చిన ‘ఆమె ఎవరు?’ (1966) యందు ప్రేతము నటన. దాని ప్రయోజనము ఆస్తి. ఇంతటితో ఆ దశను విడిచి ముందునకు పోవచ్చును.

‘సితార’ యొద్ద నిలువవలయును. ‘శంకరాభరణము’, ‘సాగరసంగమము’ నిర్మించిన పూర్ణోదయా సంస్థయే దీనిని నిర్మించినది. దర్శకుడు వంశీ తమ ‘మహల్లో కోకిల’ నవలనే చిత్రముగ మలచిరి. ఎం.వి. రఘు ఛాయాగ్రహణము, ఇళయరాజా సంగీతము. ఉత్తమ తెలుగు చిత్రముగ జాతీయపురస్కారమును పొందినది, గాయని ఎస్. జానకికి, కూర్పరి అనిల్ మల్నాడ్‌కు కూడ ఆ యేటి జాతీయపురస్కారములు దీని మూలముననే లభించినవి. ఈ వివరములు తెలిసినవే. దీనిని పాడుబడిన ఇంటి చిత్రముగ చూచినవారు మాత్రము తక్కువ.

కథ ఇది. సంపద అడుగంటిన జమీందారీ వంశమున అన్నాచెల్లెండ్రిద్దఱు మిగిలిరి. అన్న చందర్ వంశపు పరువును ఒక వ్యాజ్యముమీద, చెల్లెలి ఘోషామీద నిలిపియుంచును. ధనము పోయినది, పరివారము పోయినది. చెల్లెలు గడప దాటకపోవుట యను నొక్క ఆచారము మాత్రము మిగిలినది. ఆమె కోకిల. గోడలలోపల ఎవరికిని తెలియకుండ నాట్యము చేయును. పగటివేషముల వాడొకడు ఊరికి వచ్చుటతో బయటి లోకము లోపలికి వచ్చును. తరువాతి విషాదమును ఇక్కడ వివరింపను. వ్యాజ్యము ఓడిపోవును, అన్న జీవితము ముగియును, కోకిల మఱొక పేరుతో చిత్రతారయగును, కాని ఆ యింటి జ్ఞాపకము ఆమెను విడువదు.

ఇందు దయ్యము లేదు. ఐనను దయ్యపుటింటి లక్షణములన్నియు ఉన్నవి: వెలుపలివారికి చొరరాని భవనము, ఎవరిదో తెలియని అందెల సవ్వడి, కిటికీ చాటున కదలిన నీడ. ఊరివారికి ఆ కోకిల ఉండియు లేనిది. ప్రాణముతో నున్న మనిషిని దయ్యముగ మార్చుటకు మంత్రతంత్రములు అక్కఱలేదు, ఒక గడియ చాలునని ఈ చిత్రము చూపినది. పైన చెప్పిన అషర్ కథలోని అన్నాచెల్లెండ్రు దీనిని చూచువారికి తప్పక జ్ఞప్తికి వత్తురు. వంశీ ఆ కథను అనుకరించిరని నా ఉద్దేశము కాదు. రెండు కథలకును మూలము ఒకే రకపు ఇల్లు. పేరు తప్ప ఏమియు మిగులని వంశము తన పేరును ఒక స్త్రీ దేహమున దాచుకొనును. వ్యాజ్యము కూడ కల్పనకై తెచ్చిన అలంకారము కాదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము తరువాత జమీందారీ భవనముల వెనుక భూమి తొలగిపోయినది. భూమి లేని కోట గోడలతో మాత్రమే నిలువవలసి వచ్చినది. ఇట్టి స్థితిని భయముగ, జాలిగ, సంగీతముగ ఒక్కమాఱు చూపిన తెలుగు చిత్రము మఱొకటి నాకు కనబడలేదు.

తెలంగాణమునందలి గడీలను గుఱించి కూడ ఒక మాట. ఆడబాపలను ఉంచుకొన్న గడీలు చెఱసాలలే యని చెప్పదగును. ‘మా భూమి’ చిత్రమున గడీ అధికారమునకు చిహ్నము. ‘దొరసాని’ (2019) యందు గడీ కిటికీయే మరల ‘సితార’ గోడ యైనది. ఈ విషయమును విడిగ పరిశోధింపవలసి యున్నది.

ఇక తాళము కథ. మలయాళమున ఫాజిల్ దర్శకత్వమున వచ్చిన ‘మణిచిత్రతాళు’ (1993) పేరునకే చిత్రమైన తాళమని అర్థము. పాత తఱవాడు ఇంటిలో మూసిన గది. అందు బంధింపబడి మరణించిన నర్తకి నాగవల్లి. ఆ గది తెఱచిన కోడలికి ఆ నర్తకియే తానను భ్రాంతి. ఇది కన్నడమున ‘ఆప్తమిత్ర’గా (2004), తమిళమున ‘చంద్రముఖి’గా (2005), హిందీయందు ‘భూల్ భులయ్యా’గా (2007) మాఱినది. తెలుగు శాఖవారు గమనింపవలసిన విశేషము నర్తకి భాష. మలయాళపు ఇంట ఆమె తమిళము మాటాడును. తమిళపు ఇంట తెలుగు మాటాడును, తెలుగుననే పాడును. హిందీయందు ఆమెకు వంగభాష వచ్చినది. దయ్యము ఎల్లప్పుడు పొరుగు భాషలోనే పలుకును. దూరదేశపు భాష ఐనచో అది వింత యగును గాని వెఱపు కాదు. సగము తెలిసి సగము తెలియని పొరుగు మాట యైనప్పుడే అది మన యింటిలోపలి అపరిచితమగును. పైగా పరదేశమునుండి తేబడిన స్త్రీ యని ఆ భాషయే సాక్ష్యము చెప్పును. తన నేలనుండి పెకలించి తెచ్చిన కళావతిని ఇల్లు దాచుకొన్నది. ఆమె భాషను దాచుకొనలేకపోయినది.

‘చంద్రముఖి’ తెలుగున అనువాదముగ వచ్చినప్పుడు కూడ ఈ సూక్ష్మము నిలిచినది. ఇంటివారు తెలుగువారు, దయ్యము మాటాడునది తమిళము! నటన చేతను సంగీతము చేతను చిత్రము విజయవంతమైనది, చీకటిలో పొరుగు భాష వినబడిన గగుర్పాటును తెలుగు ప్రేక్షకుడును ఎఱుగును. అనువాదమున దయ్యపు భాషను కూడ మార్చవలసి వచ్చునని అనువాద విద్యార్థులకు ఇది మంచి ఉదాహరణము.

కోడి రామకృష్ణ దర్శకత్వమున 2009లో వెలువడిన ‘అరుంధతి’ ఈ చెఱ వస్తువును తలక్రిందులు చేసినది. ఇక్కడ గోడలలో సమాధి చేయబడినవాడు స్త్రీలను పీడించిన దుష్టుడు. చేసినది ఆ యింటి ఆడపడుచు జేజమ్మ. గోడ పగిలిననాడు వెలువడునది అణగద్రొక్కబడినవారి గోడు కాదు, అణచివేసినవాని పగ. కథాదృష్టితో ఇది చెప్పుకోదగిన మార్పు. నాకు అంతకంటె ఆశ్చర్యమును కలిగించునది ఈ చిత్రము వలన స్థలనామములకు జరిగినది. కథ గద్వాల సంస్థానమున జరుగును. గద్వాల పండితపోషణచే ‘విద్వద్గద్వాల’ యని పేరొందినది. దాని కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కళాశాల వెలసినది. అచట వినబడునది పాఠములు చదువు విద్యార్థుల కలకలము. తెఱపై భయంకరముగ కనబడిన భవనము నిజమునకు తుంగభద్రకు దక్షిణమున, బనగానపల్లె నవాబుల పాడుబడిన బంగళా. బనగానపల్లె 1948లో మద్రాసు రాష్ట్రమున విలీనమగు వఱకు చిన్న సంస్థానము. నేడు ఆ బంగళాను జనులు ‘అరుంధతి కోట’ యని పిలుచుచున్నారు. నవాబుల పేరు ఒక్క చిత్రముతో జనుల నాలుకపైనుండి తొలగినది. యాత్రికులు వచ్చి చూచునది అచ్చట లేని జేజమ్మను. స్థలనామ పరిశోధకులు శాసనములలో వెదకు మార్పులు మన కన్నుల యెదుటనే జరుగుచున్నవి. దయ్యపుటింటిని చూపిన చిత్రమే ఒక యింటిని పట్టుకొన్న దయ్యమైనదన్నచో తప్పేమి?

నగరపు చిత్రములను గుఱించి ఎక్కువ చెప్పనక్కఱలేదు. రామగోపాలవర్మ ‘రాత్రి’ (1992) క్రొత్తగ కాపురమునకు వచ్చిన కుటుంబము ఇంటి క్రింద నేలమాళిగను చూపినది. ‘13 బి’ (2009), ‘అవును’ (2012), ‘మసూద’ (2022) భయమును క్రొత్త నివాసములలోనికి తెచ్చినవి. వీనిలో ఇల్లు పాడుబడినది కాదు. ఇంకను సామానులు సర్దుకొననిది. అద్దెయో, బ్యాంకు అప్పో ఉన్నందున విడిచిపోలేని ఇంటి భయమది. ‘రాజుగారి గది’ (2015) పేరులోనే గది ఉన్నను అది ఎక్కువగ హాస్యమునకే ఉపయోగపడినది.

2017వ సంవత్సరము మాత్రము మన విషయమున విచిత్రమైనది. ఆ యేడు సంక్రాంతికి ‘శతమానం భవతి’, ఆగష్టులో ‘ఆనందో బ్రహ్మ’ వెలువడినవి. మొదటిది సకుటుంబముగ చూడదగిన చిత్రమని పేరొంది జాతీయపురస్కారమును పొందినది. రెండవది దయ్యముల హాస్యచిత్రము. ఈ రెండింటిని కలిపి చూచినవారు ఉన్నట్లు లేదు. ‘శతమానం భవతి’ కథాస్థలము ఆత్రేయపురము, అనగా కొత్తపేటకు పొరుగు. ముసలి దంపతులు, విదేశములలో స్థిరపడిన సంతానము, పండుగకైనను వారిని రప్పింపలేని తండ్రి తుదకు విడాకుల నెపమును పన్నవలసి వచ్చును. ‘ఆనందో బ్రహ్మ’ యందు తలిదండ్రులు పోయిరి. విదేశమున నున్న కుమారుడు ఇల్లు అమ్మజూచును. అందు దయ్యములున్నవను మాట వలన బేరము కుదరదు. దయ్యములు లేవని నిరూపించుటకు నలుగురు మనుష్యులు అందు దిగుదురు. మనుష్యులను చూచి దయ్యములే బెదరును. రెండు చిత్రములలోని ఇంటి పరిస్థితి ఒక్కటే. మొదటి దానిలో దీపము పెట్టువారింకను ఉన్నారు, రెండవదానిలో లేరు. నడుమ గడచినది కొన్ని సంవత్సరములు మాత్రమే. నా అభిప్రాయమున ఈ రెండింటిలో నిజమైన భయచిత్రము మొదటిది. అందలి తండ్రి దేనికి వెఱచుచున్నాడో అదియే ‘ఇల్లు పాడుగాను’ అను తిట్టునకు అర్థము. చిత్రము పండుగతో సుఖాంతమైనది గాని, పండుగ సెలవులు ముగిసిన మఱునాటి ఇంటిని మనకు చూపలేదు.

ఆ మఱునాటి ఇల్లు కొత్తపేట చుట్టుపట్ల గ్రామములలో నున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాకు కాలువనీరు, నీటివెంట వరి, కొబ్బరి, వానివెంట టేకుదూలముల లోగిళ్లు వచ్చినవి. 1973 నాటి భూపరిమితి చట్టము, చదువులు, ఉద్యోగములు, అమెరికా, గల్ఫ్ దేశములు ఒకదానివెంట ఒకటి ఇంటివారిని బయటికి పిలిచినవి. ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టసవరణ 1985 సెప్టెంబరు నుండి కూతుండ్రకు కూడ పిత్రార్జితమున సమభాగము నిచ్చినది. ఇది న్యాయమైన మార్పు. దానిని తప్పుపట్టువాడను కాను. కాని ఐదుగురు వాటాదారులు నాలుగు దేశములలో నున్నప్పుడు, అందఱి సంతకములు ఒక్క కాగితముపై చేరుట కష్టము. అమ్ముటకు వీలు లేదు, ఉండుటకు ఎవరు లేరు, కూల్చుటకు మనసొప్పదు. 1996 నవంబరు తుపాను వంటిది వచ్చినప్పుడు ఎగిరిన పెంకులను మరల నేయించువారు లేనిచో ఒకటి రెండు వానకాలములలోనే వాసములు పుచ్చిపోవును. మండువా ఇంటికి ప్రాణమైన నడిమి వెలుగే దాని మృత్యువగును. కప్పు జాఱినప్పుడు వాన నేరుగ ఇంటి నడుమకే వచ్చును.

ఈ ఇంటికి తగిన దయ్యమును మన చిత్రము ఇంకను కనుగొనలేదు. కనుగొనుట సులభమును కాదు. దయ్యమునకు పగ కావలయును. పగకు అపరాధి కావలయును. మూసిన గదికి తాళము వేసినవాడు ఒకడుండును. విడిచిన లోగిలికి తాళము వేసినవారు అందఱును, కంట తడిపెట్టుకొనియే వేసిరి. ‘సితార’ వంటి కథకు ముడి ఉన్నది. ఈ కథకు ముడి లేదు, నెమ్మదిగ జాఱుట మాత్రమే యున్నది. నవలకు ఇది లొంగవచ్చును. రెండుగంటల చిత్రమునకు లొంగునా అనునది సందేహమే.

కొంతకాలము క్రిందట కొత్తపేట సమీపమున నొక గ్రామములో అట్టి లోగిలి నొకదానిని చూడబోయితిని. ఇంటిని కనిపెట్టుకొని యున్న పెద్దాయన తాళము తీసినను తలుపు తెఱచుకొనలేదు. దయ్యమేమైన పట్టుకొన్నదా యని పరిహాసముగ నంటిని. ‘దెయ్యం లేదు గియ్యం లేదండి బాబూ, గొళ్లెం తుప్పెట్టిందంతే’ అని ఆయన భుజముతో త్రోసెను. లోపల మండువానిండ కొబ్బరిపీచు, పిచుకల గూళ్లు. వసారాలో ఒక గోడ మాత్రము నీలిరంగుతో మెఱయుచుండెను. ఏదో చిత్రమువారు వచ్చి పెండ్లి సన్నివేశమునకై వేసిన రంగట అది; కెమెరాకు కనబడు గోడకు మాత్రమే వేసిరి. గదుల పేర్లు ఒక్కొక్కటి అడిగి వ్రాసికొంటిని. పడమటిల్లు, దేవుడి గది, గాదె గది అని ఆయన చెప్పుచుండగ, ఆ మాటలలో కొన్ని మా విద్యార్థులకు అర్థము కావని తోచినది. పడమటిల్లు మాత్రము చూడ వీలుకాలేదు. దాని తాళపుచెవి పెద్ద కూతురు గారి వద్ద అమెరికాలో నున్నదట. ఆమె వచ్చి తొమ్మిదేండ్లయినదట. లోపల ఏమున్నదని అడిగితిని. రెండు ఇత్తడి గంగాళములు, ఒక భోషాణము, పాత దస్తావేజుల కట్ట యని ఆయన చెప్పెను.